ఉంటానండి

“అంటే అక్కడ జబ్బుపడితే, అక్కణ్ణించి అక్కడికే మోసుకెళ్తారన్నమాట,” అంది వదిన.

ఇన్సూరెన్సు ఆఫీసులో అద్దాలమ్మాయి కీబోర్డు మీద వేళ్ళు ఆపింది. చవకరకం పాలసీ ఎంత మంచిదో పొద్దుటి నుంచీ వచ్చినవాళ్ళందరికీ అప్పజెప్పినట్టే ఈమెకూ అప్పజెప్పింది. ప్రయాణంలో ఒంట్లో బాగా లేకపోతే కంపెనీ తన ఖర్చుతో స్వదేశానికి చేరుస్తుందని అందులో గొప్ప సంగతి. ఇంతవరకూ ఎవరూ అడ్డుప్రశ్న వెయ్యలేదు.

“మేం వెళ్ళేదే స్వదేశానికమ్మా. ఉండేదేమో ఇక్కడ. మా ఆయన మళ్ళీ అక్కడ కాలు విరగ్గొట్టుకున్నాడనుకో, ఆ మంచం మీంచి లేపి మళ్ళీ ఆ మంచం మీదే పడుకోబెట్టి, చేర్చేశాం పొమ్మంటారు. అంతేగా?”

అద్దాలమ్మాయికి నవ్వొచ్చింది. “అంతేనండీ,” అని ఒప్పేసుకుంది.

వదిన పరదాలు కుట్టే మనిషి. కుట్టుగదిలో చిన్నా పెద్దా అందరూ ‘వదిన’ అనే పిలుస్తారు. గుడ్డ ఎంత మెరుస్తున్నా ముందువైపు చూడదు. తిరగేసి, లోపలి అస్తరు రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తుంది. ఎండకు ముందు చిరిగేది అస్తరే కదా. పాలసీలనూ అలాగే తిరగేసింది. ఈ దేశపు భాష అనర్గళంగా మాట్లాడలేకపోయినా దాంతో బేరాలాడగలదు. తప్పు దొర్లితే దొర్లింది, అవతలివాళ్ళే సర్దుకుంటారని ఆమె ధీమా.

“పెట్టెలు పోతే ఇచ్చేది మాకొద్దు. మా పెట్టెలో ఉండేది ఒక పరదా, నాలుగు జతల బట్టలు. ఆయన కాల్లో రాడ్డుంది, అది రాసుకో. నాకు బీపీ మాత్ర, అదీ రాసుకో.”

“అవి రాస్తే కొంచెం ఎక్కువవుతుందండీ.”

“కానీ. దాచిపెడితే రేపు మీకదే సాకు. ఇక మమ్మల్ని తిప్పి తెచ్చేది ఇక్కడికే అయ్యుండాలి. ఇక్కడ మా ఇల్లుంది, పనుంది, మా డాక్టరున్నాడు. అలాంటిది ఉందా మీ దగ్గర?”

ఉంది. పరాయిదేశంలో కాపురముండేవాళ్ళ కోసమే ప్రత్యేకంగా తయారుచేసిందట. ఉంటున్న చోట మొదలై, ఉంటున్న చోటికే తిరిగొచ్చే ప్రయాణం ఏదైనా దానికి చెల్లుతుంది, అది పుట్టిన ఊరికైనా సరే. వదిన అటూ ఇటూ తిరగేసి అడిగి, “ఇదీ అస్తరంటే,” అనుకుంది. ముందు తన పేరు చెప్పింది. కంప్యూటరు సరేనంది. తర్వాత మొగుడి పేరు చెప్పింది.

అద్దాలమ్మాయి మొహంలో నవ్వు పోయింది. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

“మీవారు ఈ దేశంలో లేరండీ.”

వదిన వెనక్కి తిరిగింది. గాజుతలుపు అవతల బెంచీ మీద, రాడ్డు వేసిన కాలు ముందుకు చాపుకుని, ఆమె మొగుడు తీరిగ్గా అరటిపండు తింటున్నాడు. తొక్క ఎక్కడ పారెయ్యాలో తోచక అటూ ఇటూ చూసి, చివరికి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మరి ఆ తొక్క జేబులో పెట్టుకున్నదెవరు తల్లీ? ఆయన దెయ్యమా?”

“మనిషి కనబడుతున్నారండీ. మా లెక్కలో లేరు. పోయినేడు స్వదేశానికి వెళ్ళి అక్కడే స్థిరపడిపోయినట్టు ఉంది. అందుకే అప్పటి ఆస్పత్రి ఖర్చు కూడా ఇవ్వలేదు. స్థిరపడటానికి వెళ్ళినవారిది ప్రయాణం కాదు కదా. ఇక్కడ ఉండనివారికి ఈ పాలసీ అమ్మలేను.”

“స్థిరపడ్డాడని ఎవరు చెప్పారు?”

“ఆయనే చెప్పారు. ఫోన్లో. రికార్డింగు ఉంది.”

వదిన కుర్చీలోంచి లేవలేదు. “అయితే వినిపించు,” అంది.

అది పై ఆఫీసు నుంచి తెప్పించాలి, ఎల్లుండి రమ్మంది అద్దాలమ్మాయి.

*

మర్నాడు కుట్టుగదిలో ఆ కబురు ఆవిరికంటే ముందు పాకింది.

“అయితే నువ్వు లేవన్నమాట,” అన్నాడు ఇస్త్రీ బాబాయి. తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే బుస్సుమని లేచిన ఆవిరిలో ఆయనే సగం కనిపించలేదు. మాట పొదుపు మనిషి. ఏడాదికి సరిపడా వేళాకోళం ఇవాళే వాడేసుకుంటున్నాడు. “లేనివాడికి టీ ఎందుకు పోశారర్రా?”

“లేనివాణ్ణి కాబట్టే నీ వాటా తాగుతున్నా బాబాయ్,” అన్నాడు వదిన మొగుడు.

ఆయన పని ఇళ్ళకెళ్ళి కిటికీలు కొలుచుకు రావడం. మెడలో టేపు వేలాడుతూ ఉంటుంది. కాలు విరిగాక నిచ్చెన ఎక్కడం మానేసి, కింద నుంచే పొడుగు బద్దతో కొలుస్తున్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, వదిన ఆ నవ్వు తిరగేసి చూసింది. లోపల అస్తరు చిరిగుంది.

ఆమె ముందు బల్ల మీద ఆకుపచ్చ పరదా పరచి ఉంది. ఇది షాపు పని కాదు, సొంత పని. ఆయన అక్క ఊళ్ళో రెడీమేడ్ బట్టల కొట్టు పెడుతోంది. ముప్పై ఏళ్ళు ఒకరి కొట్లో నిలబడి మడతలు విప్పి మడతలు పెట్టిన మనిషి, ఇప్పుడు తన పేరుతో బోర్డు రాయించింది. బట్టలు వేసుకుని చూసుకునే గదికి పరదా కావాలని మరదల్ని అడిగింది. తమ్ముణ్ణి ఒకటే అడిగింది: “నువ్వొచ్చి షట్టర్ ఎత్తాలిరా. నువ్వు రాందే నేను తాళం తియ్యను.” తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిందావిడ. ఆమె మాట ఆయనకు రాయి మీద గీత.

అయినా పోయినేడు ఊళ్ళో బస్సు మెట్టు మీద జారి, ఆస్పత్రిలో కాలికి రాడ్డు వేయించుకుని, కంపెనీ ‘మాకు సంబంధం లేదు’ పొమ్మన్న నాడే ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఖర్చు పూడ్చడానికి ఇద్దరూ ఆదివారాలు కూడా కుట్టుగదిలోనే గడిపారు. ఇన్సూరెన్సు లేకుండా విమానమెక్కనని ఆ ఒట్టు. ఇన్సూరెన్సంటే మోసమని ఇంకో ఒట్టు. రెండు ఒట్లూ కలిపితే ఇక ఊరు లేదు.

“వేరే కంపెనీకి పోదామా?” అని మెల్లగా అడిగాడు.

“ఫోన్లు చేశాను. అందరిదీ మొదటి ప్రశ్న ఒకటే. ‘ఇంతకు ముందు మిమ్మల్ని ఎవరైనా కాదన్నారా?’ అవునంటే వాళ్ళూ కాదంటారు.”

“లేదని చెప్తే?”

వదిన పరదా అంచు మడిచి, మడతలో చిన్న సీసపు బిళ్ళ పెట్టి గుండుసూది గుచ్చింది. బిళ్ళ ఉంటే పరదా గాలికి ఎగరకుండా కిందికి నిలుస్తుంది. “అబద్ధానికి అంచు కుట్టలేమండీ. ఎక్కడో ఒక చోట ఊడుతుంది. అసలు మీరు ఆ రోజు ఫోన్లో ఏం వాగారో గుర్తు తెచ్చుకోండి.”

“ఏం వాగానే! వాళ్ళేదో అడిగారు, నేనేదో చెప్పాను. ‘మీ భాషలోనే మాట్లాడండి, మా యంత్రం మార్చుకుంటుంది’ అంటే, పోనీలే పాపమని మన భాషలో మాట్లాడా.”

“స్థిరపడతానని అన్నారా?”

“నేనా? నిన్నొదిలేసా?” టేపు మెడలోంచి తీసి చుట్టుకుంటూ, “అంత అదృష్టమా నాకు!” అన్నాడు.

ఆవిరి అవతల నుంచి బాబాయి దగ్గాడు. అది నవ్వే.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. రంగులు వేయడం అయిపోయిందిట, బోర్డు ఎక్కించడమే తరువాయిట. “ఏరా, టికెట్టు తీశావా?” ఆయన “చూస్తున్నానక్కా,” అన్నాడు. “చూడ్డానికి అదేమన్నా సినిమానా?” అందావిడ. ఫోను పెట్టేశాక ఆయన చాలాసేపు, కొలిచిన కిటికీనే మళ్ళీ కొలుస్తున్నవాడిలా, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. వదిన అంచు కుట్టుకుంటూ పోయింది.

*

అద్దాలమ్మాయి వాళ్ళిద్దర్నీ లోపలి గదిలో కూర్చోబెట్టింది. బల్ల మీద డబ్బాలాంటి స్పీకరు, పక్కన తెర. ఏ భాషలో మాట్లాడినా ఆ డబ్బా విని ఇక్కడి భాషలోకి మార్చి తెర మీద చూపిస్తుంది. పోయినేడు ఆయనతో మాట్లాడింది అదేనట.

“మీ గొంతు మీరు వినచ్చండీ. కానీ ముందే చెప్తున్నా, రికార్డింగులో మీరన్నది అన్నట్టే ఉంటుంది.”

మీట నొక్కింది. ముందు కుట్టుమిషన్ల రొద వినిపించింది. దాని మీదుగా ఆయన గొంతు, రెండు కాళ్ళూ బాగున్న నాటి గొంతు, హుషారుగా.

ఎక్కడికి ప్రయాణం అని అడిగింది యంత్రం. “మా ఊరికండీ, మా అక్క దగ్గరికి.” తిరిగి రావడమెప్పుడు? “ఇంకా టికెట్టు తియ్యలేదండీ. అయినా మా అక్క పంపితే కదా!” అని పెద్దగా నవ్వు. ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?

“ఏం లేదండీ. ఉంటానండి.”

టక్. అంతే.

తెర మీద యంత్రం రాసిన దాన్ని అద్దాలమ్మాయి చదివి వినిపించింది. “‘టికెట్టు లేదు. నా అక్క నన్ను వెనక్కి పంపదు. వేరే ఏమీ లేదు. నేను అక్కడే ఉంటాను.’” తలెత్తింది. “చూశారా? పాలసీ అమ్మేటప్పుడు ఇది ఎవరూ వినలేదు, ఆ తప్పు మాదే. ఖర్చు అడిగినప్పుడు విన్నారు.”

“అమ్మేటప్పుడు చెవుడు, ఇచ్చేటప్పుడు పాము చెవులు,” అంది వదిన తెలుగులో, మొగుడికి మాత్రమే వినిపించేట్టు. డబ్బా దాన్ని కూడా తెర మీద రాసేసింది. అద్దాలమ్మాయి అదీ చదివి, అద్దాలు పైకి తోసుకుంది.

ఆయన రాడ్డున్న కాలు తడుముకున్నాడు. “అన్నానే,” అన్నాడు. “ఉంటాననే అన్నాను. నా నోరే నా కాలు విరగ్గొట్టింది.”

“ఉండండి,” అంది వదిన. “అమ్మాయ్, ఆ చివరి ముక్క మళ్ళీ వెయ్యి.”

ఏం లేదండీ. ఉంటానండి. టక్.

“మళ్ళీ.”

మళ్ళీ వేసింది. వదిన కళ్ళు మూసుకుని, గుడ్డ నలిపినట్టు బొటనవేలూ చూపుడువేలూ రాసుకుంటోంది. ఉన్నట్టుండి ఆగింది.

“‘అక్కడే’ అన్నాడా ఈయన?”

“ఉంటాను అన్నారండీ.”

“ఉంటానన్నాడు. ఎక్కడ? అక్కడా, ఇక్కడా, చెట్టు మీదా? ‘అక్కడే’ అన్న ముక్క ఈయన నోట్లోంచి రాలేదు. నీ డబ్బా అతికించింది. మా మాటకి నీ డబ్బా వేసిన మాసిక అది!”

అద్దాలమ్మాయి ముఖం చిట్లించింది. “సరే. కానీ ఉంటాను అంటే ఉంటాననే కదా?”

వదినకు గొంతులో నవ్వు పొంగుకొస్తోంది. ఆపుకుంది. “కాదమ్మా. ఫోన్లో ఉంటానంటే ఉండనని. నేను చెప్తే నువ్వు నమ్మకు. ఏమండీ, మీ అక్కకి ఫోన్ చెయ్యండి. ఈ డబ్బా పక్కనే పెట్టి మాట్లాడండి. ఏం మాట్లాడినా సరే, ఫోను మాత్రం ఆవిడే పెట్టెయ్యాలి.”

ఆయనకేమీ అర్థం కాకపోయినా పెళ్ళాం మాట ప్రకారం చేశాడు. అక్క పలికింది, వెనకాల సుత్తి చప్పుడు. “ఏరా, తీశావా టికెట్టు?” “ఆ పని మీదే ఉన్నానక్కా. బోర్డెక్కిందా?” “ఎక్కిస్తున్నారు, ఓరగా పెడుతున్నాడు వెధవ. ఒరే, ఎడం పక్క ఎత్తండ్రా! నాకు పనుంది, ఉంటానురా.”

టక్.

తెర మీద వచ్చింది: ‘నాకు పని ఉంది. నేను ఇక్కడే ఉంటాను, నువ్వు రా.’

“ఉంటానంది కదా?” అంది వదిన. “ఉందా?”

అద్దాలమ్మాయి ఫోన్ వంక చూసింది. తెర వంక చూసింది. పెదవి కొరుక్కుంది. “ఒకరు అన్నంతమాత్రాన...”

“ఇంకొకర్ని చూద్దాం. నా చెల్లెలు.”

తప్పు చేసింది. చెల్లెలు మాటల పుట్ట. పొద్దున్న పంపు దగ్గర ఎవరు ఎవర్నేమన్నారో మొదలుపెట్టి, “సరేనే అక్కా, ఉంటానే,” అంది. అద్దాలమ్మాయి ముందుకు వంగింది. ఫోన్ పెట్టలేదు చెల్లెలు. “అన్నట్టు చెప్పడం మరిచాను,” అని ఎత్తుకుంది. అద్దాలమ్మాయి చెయ్యి ఎత్తి, చూశారా, నిజంగానే ఉన్నారు కదా అన్నట్టు తెర వైపు చూపించింది. వదిన మొగుడు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. చెల్లెలు కొత్త చీర సంగతి, పాత జలుబు సంగతి చెప్పి మళ్ళీ “ఉంటానే మరి,” అంది. మళ్ళీ ఉంది.

“దీని బుద్ధి తెలిసీ చేశాను చూడు, నన్ను అనాలి,” అని వదిన గొణుక్కుంది. డబ్బా అదీ రాసింది. ఆఖరికి చెల్లెలింట్లో కుక్కరు కూత వేసింది. “అయ్యో, ఉంటా ఉంటా ఉంటా!” టక్.

తెర మీద మూడుసార్లు వచ్చింది: ‘నేను ఇక్కడే ఉంటాను. నేను ఇక్కడే ఉంటాను. నేను ఇక్కడే ఉంటాను.’ ఫోన్లో మాత్రం ఈగ కూడా లేదు.

అద్దాలమ్మాయి ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

“ఆఖరిది,” అంది వదిన. ఇస్త్రీ బాబాయికి కలిపింది. బుస్సుమని ఆవిరి. “బాబాయ్, ఆకుపచ్చ పరదాకి ఇస్త్రీ అయిందా?” “ఆఁ.” “మడత పెట్టావా?” “ఆఁ. ఉంటా.” టక్.

ఇక అద్దాలమ్మాయి ఆపుకోలేకపోయింది. అద్దాలు తీసేసి మరీ నవ్వింది. నవ్వు సద్దుమణిగాక అడిగింది: “ఉండనప్పుడు ఉంటానంటారు. మరి వెళ్ళేటప్పుడు ఏమంటారు?”

“వస్తానంటాం,” అన్నాడు వదిన మొగుడు. అదీ ఇక్కడి భాషలో, తప్పులతోనే. “లేకపోతే వెళ్ళొస్తానంటాం. ఉత్తినే వెళ్తాననడం మా ఇళ్ళల్లో అపశకునం. వీధి చివర కొట్టుకి వెళ్ళినా వెళ్ళొస్తాననే అంటాం.”

“అంటే వెళ్ళి, వస్తాను?”

“మా మాటలోనే రిటర్న్ టికెట్టు ఉంటుందమ్మా,” అంది వదిన. “విడిగా కొననక్కర్లేదు. మరి అక్క పంపితే కదా అన్నాడంటావా, అది అక్క మీద ప్రేమ. పంపని అక్క ఎక్కడుంది? మూడు పూటలా పెట్టి, నాలుగో పూట ‘మీ ఆవిడ ఎదురుచూస్తుంటుంది పోరా’ అంటుంది.”

అద్దాలమ్మాయి అద్దాలు పెట్టుకుంది. “మిమ్మల్ని అర్థం చేసుకోవాలంటే ప్రతి మాటా తిరగేసి చూసుకోవాలన్నమాట.”

“అస్తరు చూడాలి,” అంది వదిన.

ఆ అమ్మాయి రికార్డింగునూ, ఇప్పటి మూడు ఫోన్లనూ పై ఆఫీసుకు పంపుతానంది. “చెల్లెలుగారిది కూడానా?” అని దిగులుగా అడిగింది వదిన. “అదే ముందు పంపుతా,” అంది అద్దాలమ్మాయి. లేచి నిలబడి, వాళ్ళు తలుపు దాకా వెళ్ళేవరకూ చూసింది. వదిన మొగుడు తలుపు దగ్గర అలవాటు చొప్పున వెనక్కి తిరిగి, “వస్తానమ్మా,” అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆ అమ్మాయి తల ఊపింది, అర్థమైందన్నట్టు.

*

శుక్రవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. వదిన ఆకుపచ్చ పరదాను మడత విప్పి కిటికీకి వేలాడదీసి, అంచు నేలకు సరిగ్గా ఆనుతోందో లేదో చూస్తోంది. నోట్లో గుండుసూదులు. చేతులు ఖాళీ లేక ఫోను మొగుడికి అందించింది. ఆయన అదిరిపడి, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టాడు, చెయ్యి కాలినట్టు.

అద్దాలమ్మాయి నిదానంగా, ప్రతి మాటా విడివిడిగా పలుకుతూ చెప్పింది. ఆయన స్థిరపడటానికి వెళ్ళలేదని పై ఆఫీసు ఒప్పుకుంది. పోయినేటి ఆస్పత్రి ఖర్చు ఇస్తారు. ‘కాదన్నారు’ అన్న మాట ఆయన పేరు మీంచి తీసేశారు. వదిన ఎంచుకున్న పాలసీ, కాల్లో రాడ్డుతో సహా, బీపీ మాత్రతో సహా, ఇద్దరికీ తయారు. ఇంకో సంగతి: తెలుగువాళ్ళ ఫోన్లలో చివర ఆ మాట వస్తే దాన్ని ‘ఫోను పెట్టేస్తున్నాను’ అనే రాయాలని యంత్రానికి నేర్పారట. అదే మాట మీద కాదనిపించుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారేమో వెతుకుతున్నారట కూడా.

కుట్టుగదిలో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బాబాయి ఇస్త్రీపెట్టె నిలువుగా పెట్టి, ఆవిరిలోంచి బయటికొచ్చి నిలుచున్నాడు.

“ఇంకేమైనా అడగాలా?” అంది అద్దాలమ్మాయి.

ఆయన ఫోనుకేసి చూసి, లేదని తల అడ్డంగా ఊపాడు. వదిన నోట్లో గుండుసూదులు. అప్పుడు ఫోన్లోంచి ఆ అమ్మాయి గొంతు, వంకరటింకరగా, ఎన్నిసార్లు పలికి చూసుకుందో గానీ, ముద్దొచ్చేలా:

“ఉం-టా-నండీ.”

టక్.

కుట్టుగది కప్పు లేచిపోయేలా నవ్వింది. బాబాయి చప్పట్లు కొట్టాడు. వదిన గుండుసూదులు అరచేతిలోకి ఉమ్మేసి, కొంగుతో కళ్ళొత్తుకుంది. “చూశావా బాబాయ్, ఈవిడా ఉండలేదు!”

ఆమె మొగుడు మెడలోంచి టేపు తీసి బల్ల మీద పడేశాడు. అక్కకు ఫోన్ కలిపాడు. ఆవిడ హలో అనకముందే మొదలుపెట్టాడు.

“అక్కా, షట్టర్‌కి నూనె పెట్టించు. కిర్రుమందంటే ఊరుకోను. పరదా తెస్తున్నా, నీ మరదల్నీ తెస్తున్నా... ఆఁ, తీస్తున్నా, ఇప్పుడే తీస్తున్నా. రెండు. రానూపోనూ. సరే మరి, ఉంటా...”

చటుక్కున ఆగాడు. అందరూ ఆయన వంకే చూస్తున్నారు. ఆయన కుంటికాలి మీద బరువు మోపి, నిటారుగా నిలబడ్డాడు.

“ఛ, ఉండనక్కా. వస్తున్నా!”